వెన్న పోయిన ఇంటి లెక్క

మే నెల మొదట్లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరిగింది. ఐర్లండ్ రైతులు పూర్వం పశువుల కొట్టం గుమ్మానికి రోవన్ అనే ఎర్రపండ్ల చెట్టు కొమ్మలు కట్టేవారనీ, ఆవు ఈనగానే తొలి జున్నుపాలు కొన్ని చుక్కలు నేలమీద చిందించేవారనీ, ఆ కొమ్మ ఈగలను తరుముతుందనీ, ఆ పాలు మట్టిలోని సూక్ష్మజీవులను పోషిస్తాయనీ, పైకి మూఢనమ్మకంలా కనబడే ప్రతి పనిలోనూ పెద్దలు ఇలాంటి శాస్త్రాన్ని దాచిపెట్టారనీ దాని సారాంశం. నేను కార్క్ కౌంటీలో పాడి రైతుల మధ్య ఉంటున్నాను కాబట్టి ఇదంతా నిజమేనా అని నన్ను అడిగారు. ఆచారాలు రెండూ నిజమే, వాటికి తగిలించిన శాస్త్రమే కల్పన. రోవన్ కొమ్మ కట్టిన రైతు మనసులో ఈగలు లేవు, పొరుగింటివాళ్లు ఉన్నారు. జున్నుపాలు చిందించిన ఇల్లాలు, నేల కింద కాపురమున్నారని తాను నమ్మిన వాళ్లకు వాళ్ల వాటా ఇచ్చుకుంది.

ఇంతమాత్రం గ్రూపులో రాస్తే "అయితే ఉత్త మూఢనమ్మకమేనన్నమాట" అని మరుక్షణమే ఎవరో ఒకరు అంటారు. దానికీ నేను తలూపలేను. ఐరిష్ పల్లెల్లో పశువుల చుట్టూ అల్లుకున్న ఆచారాల్లో చాలా భాగం, ముఖ్యంగా పాలకూ వెన్నకూ సంబంధించినవి, ఇరుగుపొరుగుల మధ్య ఎవరికి ఎంత దక్కాలి, దక్కకపోతే ఎవరిని అనుమానించాలి అన్న లెక్కలని నా అభిప్రాయం. శాస్త్రమని పొగిడేవాళ్లూ, మూఢత్వమని కొట్టిపారేసేవాళ్లూ ఆ లెక్క జోలికి వెళ్లకుండానే తీర్పు చెప్పేస్తున్నారు.

బడిపిల్లలు రాసిన పుటలు

ఈ సంగతులు మనకు ఇంత వివరంగా దొరకడానికి ఒక కారణముంది. 1935లో ఐర్లండ్ ప్రభుత్వం జానపద సంప్రదాయాలను సేకరించడానికి ఒక కమిషన్‌ను నియమించింది. ఆ కమిషన్ పూనికతో 1937 నుంచి 1939 వరకు సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ ఇళ్లలోని, ఊళ్లలోని పెద్దవాళ్లను అడిగి విన్నవాటిని నోటుపుస్తకాల్లో రాశారు. అన్నీ కలిపి దాదాపు 7,40,000 పుటలు. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో భద్రపరచిన ఆ పుటలను ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. పిల్లలకు ఇచ్చిన అంశాల్లో పశువుల సంరక్షణ ఒకటి, వెన్న చిలకడం ఇంకొకటి.

రాత్రి భోజనాలయ్యాక వాటిని తిరగేయడం నాకు వ్యసనమైపోయింది. పన్నెండేళ్ల పిల్ల గుండ్రని దస్తూరీలో తమ ఆవుల పేర్లు రాస్తుంది, వాటిని మెడకు గొలుసు వేసి గుంజకు ఎలా కడతారో రాస్తుంది. దూడలను పిలవాలంటే "సక్ సక్" అనాలి, పందులనైతే "హరిష్ హరిష్" అనాలి, కోళ్లనైతే "ట్యుక్ ట్యుక్" అనాలి. పొదగేసే గుడ్ల మీద మసితో శిలువ గుర్తు పెట్టాలి. పాలు పితకడం అయ్యాక వేలితో కొంచెం నురగ తీసి ఆవు డొక్క మీద శిలువ గీయాలి. కొట్టం శుభ్రంగా ఉంచాలి, చలికాలంలో టర్నిప్ దుంపలు తరిగి వేయాలి, మే ఒకటిన పాలు గడప దాటనివ్వకూడదు. ఈ వాక్యాలన్నీ ఒకే పేరాలో, ఒకే స్వరంతో వస్తాయి. మేత ఎక్కడ ఆగి నమ్మకం ఎక్కడ మొదలైందో ఆ పిల్ల గీత గీయదు, గీయాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ ఉన్నట్టు లేదు. ఆ గీత మన అవసరం.

అలాగని ఈ పుటలను కళ్లకద్దుకోనక్కరలేదు. పిల్లలు టీచరు మెచ్చేవే రాసి ఉంటారు, తాతలు మనవలకు చెప్పదగినవే చెప్పి ఉంటారు. ఒక్కటి మాత్రం చదువుతున్నకొద్దీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆవుల పేర్లు ఉంటాయి, పొలాల పేర్లు ఉంటాయి, మంత్రంతో వెన్న దొంగిలించిందని అనుమానించిన మనిషి మాత్రం ఎప్పుడూ "ఒక ముసలావిడ"గానే ఉండిపోతుంది.

మే ఒకటి

పశువుల ఆచారాల్లో సగానికి సగం ఈ ఒక్క రోజు చుట్టూ తిరుగుతాయి. రోగాలు రాకుండా రెండు మంటల మధ్యనుంచి పశువులను తోలే పద్ధతి గురించి సుమారు క్రీ.శ. 900 నాటిదని చెప్పే కార్మాక్ నిఘంటువు అనే పాత ఐరిష్ గ్రంథంలోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దికి వచ్చేసరికి మంటలు చాలాచోట్ల తగ్గిపోయాయి గానీ కాపలా పెరిగింది. ఆ రోజు ఇంట్లోంచి నిప్పు ఇవ్వకూడదు, ఉప్పు ఇవ్వకూడదు, పాలు అసలే ఇవ్వకూడదు. ఆవు తోకకు ఎర్రగుడ్డ పీలికో రోవన్ పుల్లో కట్టేవారు. కొట్టం గడప మీద పసుపుపచ్చని ప్రిమ్‌రోజ్ పూలు చల్లేవారు. తెల్లవారకముందే లేచి, తమ బావిలో తొలి నీళ్లు ఇంకెవరూ తోడుకుపోకుండా చూసుకునేవారు.

ఆ తెల్లవారుజాము గురించి దేశమంతటా చెప్పుకొనే కథ ఒకటుంది. ఒక స్త్రీ మంచుకు తడిసిన పొరుగువాళ్ల పచ్చికలో గుడ్డను ఈడ్చుకుంటూ "అంతా నాకే రావాలి, అంతా నాకే రావాలి" అంటూ నడుస్తుంటుంది. గుర్రం మీద అటుగా పోతున్న పాదిరి ఒకాయన, అర్థంకాక, వేళాకోళానికి "సగం నాకు" అంటాడు. ఆయన ఇంటికి చేరేసరికి పాల గిన్నెలన్నీ పొంగి నేలమీద పారుతుంటాయి. హాస్యానికి చెప్పినా, ఈ కథ అడుగున గట్టి ఊహ ఒకటుంది. ఊరి మొత్తానికి ఉన్న పాలు ఇంతే, ఒకరి గిన్నె పొంగిందంటే ఇంకొకరి గిన్నె ఖాళీ అయిందన్నమాటే.

ఆ ఊహకు ఆధారం లేకపోలేదు. ఆవులు వసంతంలో ఈనుతాయి, మే నెలకు కొత్త గడ్డి అందుతుంది, పాలు పొంగేది అప్పుడే. అప్పుడు తీసిన వెన్నే ఉప్పు కలిపి చెక్క పీపాల్లో కూరి అమ్మేవారు. ఈ ప్రాంతపు వెన్న బండ్లమీద కార్క్ నగరానికి చేరేది. అక్కడి వెన్న బజారులో తనిఖీదారులు ప్రతి పీపాను రుచి చూసి తరగతి నిర్ణయించేవారు, తరగతిని బట్టి ధర. భూస్వామికి కౌలు సాధారణంగా ఏడాదికి రెండు వాయిదాలు, మే ఒకటి, నవంబరు ఒకటి. రెండు మూడు ఆవులున్న ఇంట్లో ఒక ఆవు పాలు తగ్గిందంటే తగ్గేది మజ్జిగ ఒక్కటే కాదు, కౌలు. కౌలు తగ్గితే ఇల్లే పోవచ్చు. ఇన్ని లెక్కలు ఒక్క తేదీ మీద కూర్చున్నప్పుడు ఆ తేదీన నిప్పుకణిక అడగడానికి వచ్చిన పొరుగువాడు దొంగలా కనబడడంలో నాకు వింతేమీ తోచదు.

వెన్న చిలికే చోట ఈ భయం ఇంకా దగ్గరగా కనబడుతుంది. ఐరిష్ కవ్వం మన కవ్వంలాంటిది కాదు. నిలువెత్తు చెక్క పీపాలో మీగడ పోసి, మూతలోని రంధ్రం గుండా కర్రను పైకీ కిందికీ దంచాలి. మీగడ మరీ చల్లగా ఉంటే గంటల తరబడి దంచినా వెన్న పడదు, మరీ వెచ్చగా ఉంటే జిగటగా, తెల్లగా, అమ్మకానికి పనికిరానిది వస్తుంది. గిన్నెలు శుభ్రంగా లేకపోతే మీగడ పాడై వెన్న సరిగా రాకపోవచ్చు. ఉష్ణమాపకం లేని ఇంట్లో, నిన్న వచ్చిన వెన్న ఈ రోజు ఎందుకు రాలేదో చెప్పగలిగేది ఎవరు? చిలుకుతుండగా ఎవరు లోపలికి వచ్చినా "ఈ పనిని దేవుడు దీవించుగాక" అనాలి, అని ఊరుకోకుండా కర్ర అందుకుని కాసేపు తానూ దంచాలి. పొయ్యిలోంచి చుట్టపైపుకు నిప్పు ముట్టించుకుని, కర్ర ముట్టకుండా బయటికి నడిచాడా, వెన్న అతనితోనే వెళ్లిపోయినట్టు లెక్క. ఈ నియమాన్ని శాస్త్రమని ఎలా అంటాం? వచ్చినవాడు కండ ఇవ్వాలి, మాట ఇవ్వాలి, తన మనసులో అసూయ లేదని అందరి ముందూ చూపించాలి. ఊరు తనకు తాను రాసుకున్న కట్టుబాటు అది.

శాస్త్రం ఉన్నచోట

నా వాదనకు నేనే కొన్ని అడ్డంకులు చూపించాలి, లేకపోతే నేనూ ఆ సందేశం రాసినవారిలాగే నాకు నచ్చినవి ఏరుకున్నవాణ్ణవుతాను.

వెన్న రానప్పుడు నాగటి కర్రునో గుర్రపు లాడాన్నో ఎర్రగా కాల్చేవారు, అది కాలినంతసేపు దొంగ ఒళ్లు కాలుతుందని నమ్మకం. కొందరు పీపా కింద నిప్పుకణిక పెట్టేవారు. చల్లని మీగడకు ఆ వేడి నిజంగానే మేలు చేసి ఉండవచ్చు. మందలో మేకను ఉంచితే ఆవుల చూడి నిలుస్తుందని ఇంకొక నమ్మకం. ఆవులకు హాని చేసే మొక్కలను మేక ముందే మేసేస్తుందని దానికి ఒక వివరణ చెబుతారు. ఇక రైతులు నాగలి పెట్టడానికి భయపడే వలయాకారపు మట్టికట్టలు దేశమంతటా 45,000 వరకు ఉన్నాయని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. అవి నేల కింద కాపురముండే దేవతాజనుల (ఫెయిరీల) నివాసాలని ఊళ్లలో నమ్మారు. నిజానికి వాటిలో అత్యధికం వెయ్యేళ్లకు పైబడిన నాటి రైతుల ఇళ్లు, చుట్టూ కట్ట పోసుకుని కుటుంబమూ పశువులూ తలదాచుకున్న చోట్లు. పాత పశుపాలకుల ఇళ్లను కొత్త పశుపాలకుల భయం కాపాడింది. మంచి ఫలితమే, కానీ ఆ భయానికి పురావస్తు శాస్త్రంతో పనిలేదు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన ఉదాహరణ వేరే. మన్‌స్టర్ ప్రాంతంలో, అంటే నేనుండే దక్షిణ జిల్లాల్లో, పిషోగ్ అనే ప్రయోగాలంటే నిన్నమొన్నటి దాకా హడలిపోయేవారు. పొరుగువాడి గడ్డిలో గుడ్లు దాచడం, పొలంలో పచ్చిమాంసం పాతడం, ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకముందే పడిపోయిన, దూడనో ఆవు మాయనో అతని నేలమీద వదిలేయడం, ఇవన్నీ ఒకరి నష్టాన్ని ఇంకొకరికి తరలించే పనులు. గుడ్ల సంగతి వదిలేద్దాం. బ్రూసెల్లోసిస్, మన పశువైద్యులు ఈసుడు రోగమనేది, పాకేదే పడిపోయిన పిండంలోంచి, మాయలోంచి, ఆ స్రావాలు అంటిన గడ్డిలోంచి. అలాంటి దూడను తెచ్చి పక్క పొలంలో పడేస్తే పక్క మందలో చూడులు నిజంగానే పోవచ్చు. ఐర్లండ్ ఆ రోగంనుంచి విముక్తమైందని అధికారికంగా ప్రకటించింది 2009లో మాత్రమే.

ఇక్కడ నమ్మకమూ సూక్ష్మజీవశాస్త్రమూ ఒకే చోటికి వచ్చాయని ఒప్పుకుంటాను. అయితే వచ్చి ఏం చెప్పాయో చూడాలి. రోగం పాకే దారిని రైతులు గమనించారు, గమనించినదాన్ని మాత్రం "ఎవరో కావాలని చేశారు" అన్న వాక్యంలోనే పెట్టారు. దారి కనబడినా వేలు మనిషి వైపే చూపింది. 1900లో డబ్లిన్‌లో పశువైద్య కళాశాల తెరిచేదాకా ఈ దేశంలో ఆ విద్య నేర్పే కళాశాలే లేదు. పశువు పడిపోతే క్లేర్ కౌంటీలో బిడ్డీ ఎర్లీ వంటి మంత్రగత్తె దగ్గరికి పరుగెత్తేవారు, పాదిరులు వద్దని ఎంత మొత్తుకున్నా. అక్కడ వాళ్లకు కావలసిన జవాబుల్లో మందు ఒకటైతే, చేసినవాళ్లెవరన్నది ఇంకొకటి.

కుందేలు

చేసినవాళ్లెవరన్న ప్రశ్నకు ఈ దేశపు కథల్లో తరచూ వచ్చే జవాబు కుందేలు. తెల్లవారుజామున పచ్చికలో ఆవు పొదుగు కింద కుందేలు ఒకటి పాలు తాగుతూ కనబడుతుంది. ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేని నల్ల వేటకుక్కను వదిలితే, అది వెంటబడి, గుడిసె గోడ కన్నంలోకి దూరబోతున్న కుందేలు కాలు కరుస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే, కాలినుంచి రక్తం కారుతూ ఒక ముసలావిడ మంచంమీద రొప్పుతుంటుంది. ముసలి స్త్రీలు కుందేళ్లుగా మారి పాలు తాగుతారన్న మాట 12వ శతాబ్దిలో ఐర్లండ్ గురించి రాసిన వేల్స్ గెరాల్డ్ అనే మతాధికారి పుస్తకంలోనే ఉంది, అంటే ఈ కథకు ఎనిమిది వందల ఏళ్ల పైచిలుకు వయసు.

ఆ గుడిసెలో ఉండేది ఎవరో ఆలోచించండి. కౌలుదారు భార్య కాదు. ఆవు లేనిది, ఉన్నా ఒక్కటే ఉన్నది, పాలు చేబదులు అడగవలసివచ్చేది, తరచూ విధవ. మే ఒకటిన పాలు ఇవ్వకూడదన్న నియమం ఎవరి గిన్నెను ఖాళీగా వెనక్కి పంపుతుందో చూస్తే, ఆచారాల పట్ల నాకున్న మమకారం కొంత చల్లబడుతుంది. వెన్న తీయడం ఆడవాళ్ల పని, వెన్న డబ్బు, గుడ్ల డబ్బు ఆడవాళ్ల చేతిలో ఆడేది. అనుమానమూ ఆ దారినే ఆడవాళ్ల మీదికి నడిచింది.

ఐర్లండ్‌లో మంత్రగత్తెలను కోర్టులకీడ్చి చంపడం మిగతా ఐరోపాతో పోలిస్తే చాలా తక్కువని చరిత్రకారులు చెబుతారు. కిల్కెన్నీలో 1324 నాటిదీ, ఐలండ్‌మాగీలో 1711 నాటిదీ కలుపుకుని, పేరుపడిన విచారణలు వేళ్లమీద లెక్కించవచ్చు. వెన్న దొంగను కొరడా తీసుకుని కాక కథ చెప్పి శిక్షించారని, కథల్లో కోపం తీరిపోయిందని దీన్ని అర్థం చేసుకోవచ్చు. నేనూ కొన్నాళ్లు అలా అనుకుని ఊరట పొందాలని చూశాను. కానీ 1895 మార్చిలో టిపరరీ జిల్లా బాలీవాడ్లీలో బ్రిజిట్ క్లియరీని, ఈమె నా భార్య కాదు, దేవతాజనులు ఆమెను ఎత్తుకుపోయి బదులుగా పెట్టిన మనిషి అంటూ భర్తే నిప్పంటించి చంపాడు. బంధువులు చుట్టూ ఉండగా ఆమెకు కొత్త పాలలో కాచిన మూలికలు బలవంతంగా తాగించారు. కోళ్లు పెంచి, గుడ్లు అమ్మి, బట్టలు కుట్టి సొంత డబ్బు సంపాదించుకున్న స్త్రీ ఆమె. అది పశువుల ఆచారం కాదు, అయినా ఆ పొరుగున పుట్టినదే. దాచిన శాస్త్రం గురించి మాట్లాడేవాళ్లు ఈ పేరును దాచకుండా ఉంటే బాగుంటుంది.

చేతిలో పెట్టిన నోటు

ఇంత చెప్పాక, ఆ కట్టుబాట్లలో ఇప్పటికీ పనిచేస్తున్న మంచి ముక్క ఒకటి చెప్పకపోతే అన్యాయం. మా దగ్గరే పొలమున్న ఒక పాడి రైతుతో, డెబ్బై దాటిన మనిషితో, నేను అప్పుడప్పుడు మార్ట్‌కు, అంటే పశువుల వేలానికి, వెళుతుంటాను. ఒకసారి ఆయన దూడలు అమ్ముడైపోయాక, కొన్నవాడు లెక్క చూసుకోవడానికి వచ్చాడు. ఈయన జేబులోంచి ఇరవై యూరోల నోటు తీసి, నాలుగు మడతలు పెట్టి, కరచాలనం చేస్తూ ఆ చేతిలో ఉంచాడు. పాత సంతల్లో లక్ పెన్నీ అని అమ్మినవాడు కొన్నవాడికి తిరిగిచ్చే డబ్బు ఇదే. ఇవ్వకపోతే దూడలకు ఏమైనా అవుతుందా అని అడిగాను. "దూడలకేమీ కాదు. వచ్చేసారి నా దూడల దగ్గర అతను ఆగడు" అన్నాడు, నా ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్న అన్నట్టుగా.

అదే మనిషి, తన కొట్టంలో అప్పుడే పుట్టిన పెయ్యదూడను చూసి నేను ఎంత బాగుందో అంటే, నా వైపు చూస్తూ కాసేపు ఆగి, నేనేమీ అనకపోయేసరికి తనే "గాడ్ బ్లెస్ ఇట్" అని నా వాక్యాన్ని పూర్తిచేశాడు. దిష్టి మనకు కొత్త కాదు. అయితే మన ఇళ్లలో దిష్టి తీసుకోవలసినది దూడ సొంతదారు. ఇక్కడ పొగిడినవాడే దీవించాలి, పాత రోజుల్లోనైతే దూడమీద ఉమ్మి మరీ దీవించాలి. చూపు ఎవరిదో బాధ్యత వారిదే. మంచి మాట అన్నవాడిని ఒక్క అడుగు ముందుకు వేయించి పూచీ తీసుకోమనే ఈ పద్ధతి నాకు నచ్చింది, ఇప్పుడు అలవాటుగా అనేస్తున్నాను కూడా.

ఆయన మందలో ప్రతి ఏడాదీ క్షయ పరీక్ష జరుగుతుంది. పశువుల క్షయను నిర్మూలించే పథకం ఐర్లండ్‌లో 1954లో మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది. క్రిమి పేరు తెలుసు, చర్మంలోకి సూది వేసి మూడు రోజులాగి వాపు కొలిచే పద్ధతి తెలుసు, పరీక్షలో దొరికిన ఆవును వధకు పంపాలన్నదీ, ఆ మందలోంచి పశువుల అమ్మకాలు ఆపాలన్నదీ తెలుసు. శాస్త్రం దాగి లేదు, కాగితం మీద ముద్రించి ఇంటికి వస్తుంది. కిందటేడు పరీక్షలో ఆయన ఆవులు రెండు పోయాయి. వంటింట్లో టీ తాగుతూ ఆ కుటుంబం మాట్లాడుకున్నది విన్నాను. బాడ్జర్లనే బొరియల్లో ఉండే అడవి జంతువులు తెచ్చాయని కొడుకు, సరిహద్దు కంచె బాగుచేయించని పక్క రైతు మందనుంచి వచ్చిందని కోడలు, శరదృతువులో కొన్న ఎద్దు తెచ్చిందని ఆయన. పశువైద్యుడు మూడూ సాధ్యమేనన్నాడట. ఆ పక్క రైతు, ఆ వారమే గడ్డి కోత యంత్రం అడగడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్లిపోయాడు. యంత్రం ఇచ్చారు గానీ లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.